తంగేటి తేనీరు



మా నస్పూరు బొగ్గుగనుల యూరు. ఒకప్పుడు ఆదిలాబాదు జిల్లాలోను, 2016 నుండి మంచిర్యాల జిల్లాలోను చేరియున్న ఈ యూరికి దక్షిణమున గోదావరి పాఱుచున్నది. వానలు వెనుకబట్టి బతుకమ్మ పండుగ వచ్చునప్పటికి మా గట్లమీదను, బీళ్లలోను తంగేడు పసుపుపచ్చగా విరియబూయును. 2014లో తెలంగాణ ప్రభుత్వము దానిని రాష్ట్రపుష్పముగా ప్రకటించినది. ఆ పువ్వును గూర్చి చెప్పగలవారు పలువురు కలరు. నేడు నేను చెప్పబోవునది దాని ఆకును గూర్చియు, ఆ యాకును వేడినీట వేసి త్రాగు పానీయమును గూర్చియు. ఈ ప్రసంగమునకు కారణము నా తప్పిదమొకటి. దానిని మొదటనే యొప్పుకొనుట మర్యాద.

కొన్ని యేండ్ల క్రిందట బతుకమ్మనాడు మా వీధివారు నన్ను నాలుగు మాటలు చెప్పుమనిరి. ముప్పది యేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పిన నాలుక యూరకుండునా? తంగేటి ఆకులో ‘యాంటీఆక్సిడెంట్లు’ సమృద్ధిగా నున్నవని పరిశోధకులు తేల్చిరనియు, మన పూర్వులకు ఆ సంగతి యెన్నడో తెలియుననియు, ఆ యాకు కాచి త్రాగువారి దరికి వ్యాధి రాదనియు చెప్పి చప్పట్లు కొట్టించుకొంటిని. ఆ మాటలలో మొదటిది నిజము. రెండవది సగము నిజము. మూడవదానికి నాయొద్ద ఆధారమేమియు లేదు.

వినినవారిలో గనిపని చేసి విరమించిన పెద్దాయన యొకరుండిరి. ఆయనను నేను కాకా యని పిలుతును. చక్కెరవ్యాధికి దినదినము మాత్రలు మ్రింగువారు. ఆఱు నెలల తరువాత త్రోవలో కనబడి నవ్వుచు ఇట్లనిరి: “ఇగ గోలీలతోటి పనేంది పంతులూ? నువ్వే చెప్తివి గద. ఆర్నెల్ల సంది తంగెడాకు చాయనే తాగుతున్న.” ఆ మాట విని నా గుండె ఝల్లుమనెను. ఆయన కథ చివర చెప్పెదను. ముందు నా మూడు మాటలను బడిలో వ్యాకరణమును పరీక్షించినట్లు ఒక్కొక్కటిగా పరీక్షింతము.

పూర్వులకు తెలియునన్న మాటతో మొదలిడుదము. కషాయమను పదమునకు సంస్కృతమున పలు అర్థములు కలవు. ఆఱు రుచులలో వగరు కషాయము. ఆకును బెరడును కాచిన నీరు కషాయము. అట్టి నీట అద్దిన వస్త్రపు వన్నె కాషాయము. ఒక్క మాటలో రుచియు, మందును, రంగును ఇమిడియున్నవి. చరకసంహిత సూత్రస్థానము నాలుగవ అధ్యాయమున కషాయములను చేయు విధములు ఐదు చెప్పబడినవి. పిండిన రసము స్వరసము. నూఱిన ముద్ద కల్కము. నిప్పుమీద కాచినది శృతము, దానినే క్వాథమందురు. చల్లనీట రాత్రియంతయు నానవేసినది శీతము. వేడినీట వేసి వడగట్టినది ఫాంటము. శార్ఙ్గధరసంహిత కొలతలను గూడ విధించినది. క్వాథమునకు ఒక పాలు మందునకు పదునాఱు పాళ్లు నీరు పోసి, ఆ నీరు ఎనిమిదవ వంతు మిగులువఱకు కాచవలెను. ఫాంటమునకు నలుగగొట్టిన మందు ఒక పలమైనచో వేడినీరు నాలుగు పలములు మట్టిపాత్రలో పోసి వడగట్టవలెను. పొయ్యిమీద మరిగింప బనిలేదు. నేడు హెర్బల్ టీ యను పేర పట్టణపు అంగళ్లలో అమ్ముడుపోవుచున్నది ఈ ఫాంటమే.

ఇంతవఱకు మన పూర్వులకు తెలిసినది నిజమే. కాని వారు ఏ రోగికి, ఏ ఋతువున, ఎంత యనునది తెలిపి యిచ్చిరి. ఆ కొలతకే శాస్త్రమున ‘మాత్ర’ యని పేరు. ఆకు మంచిది గనుక అందఱును ఎల్లకాలము త్రాగవచ్చునని వారు చెప్పలేదు. యాంటీఆక్సిడెంటు అను భావము వారి కాలమునకు లేదు; రసమును, గుణమును, వీర్యమును, విపాకమును బట్టి వారు ద్రవ్యమును నిర్ణయించిరి. వారు చెప్పనిదానిని వారి నోట పెట్టుట గౌరవము కాదు. కావుననే నా రెండవ మాట సగమే నిజమంటిని.

ఇక తంగేడు. 1753లో స్వీడను దేశపు లిన్నేయసు దీనికి కేసియా ఆరిక్యులేటా యని పేరిడెను. సామర్లకోటలో నివసించి తెలుగునాటి మొక్కలను శ్రద్ధతో వర్ణించిన రాక్స్‌బర్గు దొర దీనిని సెన్నా జాతిలో చేర్చెను. ఆయన గ్రంథము 1832లో అచ్చయినది. విరేచనమునకు వాడు సునాముఖి, అనగా నేలతంగేడు, ఈ సెన్నా జాతిలోనిదే. మన పల్లెలలో తంగేటి పుల్ల పండ్లు తోముటకును, మండలు పొలమున పచ్చిరొట్టగా త్రొక్కుటకును ఉపయోగపడినవి. తోళ్లు ఊను లందలలో దీని బెరడునకు గొప్ప స్థానముండెను. మద్రాసు రాజధానిలో తోళ్లపరిశ్రమ దీనిమీద ఎక్కువగా ఆధారపడినది. ఇరువదవ శతాబ్దిలో దక్షిణాఫ్రికా నుండి దిగుమతియైన వాటిల్ చెట్టు బెరడు దీని చోటును చాలవఱకు ఆక్రమించెను. సింహళమున దీనికి రణవర యని పేరు. అచ్చటివారు దీనిని తేనీరుగా కాచి త్రాగుదురు. ఆ ద్వీపపు దక్షిణతీరముననున్న మాతర పట్టణము పేర ‘మాతర తేయాకు’ అని ఆంగ్లేయులు తమ గ్రంథములలో వ్రాసికొన్నది ఈ తంగేటి ఆకునే.

లందలోని బెరడునకును గ్లాసులోని ఆకునకును సంబంధమేమి యని తమరు అడుగవచ్చును. ఆ సంబంధమే టానిను అను పదార్థము. అది తోలులోని మాంసకృత్తులను పట్టి బిగించును. అందుచే తోలు కుళ్లదు. ఆకును నమిలినప్పుడు ఉమ్మిలోని మాంసకృత్తులను పట్టుకొనును; అందుచే నాలుక పిడచగట్టినట్లై వగరు తోచును. రసాయనశాస్త్రజ్ఞులు టానినును, దాని బంధువర్గమును కలిపి పాలీఫినాల్సు అందురు. తేయాకులోను ఇవే సమృద్ధిగా నున్నవి.

తేయాకు పేరెత్తితిని గనుక దాని చరిత్ర నించుక చెప్పవలెను. ఏలయన వగరునకు పట్టిన నిందయు, తరువాత వచ్చిన కీర్తియు అందే కనబడును. 1823లో అస్సాము అడవులలో తేయాకు చెట్లున్నవని రాబర్టు బ్రూసు తెలిసికొనెను. 1839లో అస్సాము తేయాకు మొదటిసారి లండనులో వేలమునకు వచ్చినది. భారతీయులు స్వయముగా త్రాగ నేర్చినది చాల తరువాత. 1903లో తేయాకుపై సెస్సు విధించు శాసనము వచ్చెను. ఆ ధనముతో సంతలలోను, రైలు స్టేషనులలోను ప్రచారము సాగించిరి. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గము పూర్తియై మద్రాసునుండి ఢిల్లీకి నేరుగా బండ్లు నడిచినవి. ఆ మార్గము మా మంచిర్యాల మీదుగనే పోవును. బెల్లంపల్లి ప్రాంతమున గనులు త్రవ్వుటయు ఆ కాలముననే. రైలును, గనియు వచ్చిన చోట చాయ హోటలు రాకుండునా? నా చిన్ననాడు మా యింటి ముసలమ్మలు జ్వరమునకు తులసికషాయము కాచిరి. మగవారు గనిదారిలో చాయ త్రాగిరి. రెండును వేడినీట ఆకు వేసినవే యని మాలో నెవ్వరికిని తోచలేదు.

1942లో ఆగాఖాన్ భవనపు నిర్బంధమున గాంధీమహాత్ముడు ఆరోగ్యమును గూర్చి వ్రాయుచు తేయాకు ప్రసక్తి తెచ్చెను. తేయాకును మరగించినచో టానిను దిగుననియు, తోళ్లను గట్టిపఱచు ఆ పదార్థము కడుపులోని పొరను గూడ అట్లే చేయుననియు ఆయన హెచ్చరించెను. త్రాగక తప్పనిచో ఆకును జల్లెడలో నుంచి పైన వేడినీరు పోసి, గడ్డివన్నెకు రాగానే వాడుమని చెప్పెను. ఇది ఫాంటమని వేఱుగా చెప్ప నక్కఱలేదు. ఆనాడు టానిను దోషి.

అదే టానిను వర్గమునకు కీర్తి యెట్లు వచ్చెను? ఆమ్లజని, అనగా ప్రాణవాయువు, మనకు జీవము. అయినను అది తాకిన యినుము త్రుప్పు పట్టును. కోసిన వంకాయ నల్లబడును. నిలువయున్న నూనె కంపుగొట్టును. మన దేహమునందును ఊపిరితోపాటు ఇట్టి మార్పు నిరంతరము జరుగుచున్నది. అందు పుట్టు కొన్ని అణువులు తమ జతలోని ఎలెక్ట్రానును పోగొట్టుకొని, ప్రక్కవానినుండి లాగికొనజూచును. వానిని ఫ్రీ రాడికల్సు అందురు. ముసలితనమునకు ఇవియే కారణమని 1956లో అమెరికా శాస్త్రజ్ఞుడు డెన్హాము హార్మను ప్రతిపాదించెను. తాను ఎలెక్ట్రానునిచ్చి వీనిని శాంతింపజేయు పదార్థములే యాంటీఆక్సిడెంట్లు. ఆమ్లజనీకరణ నిరోధకములని తెలుగు చేయవచ్చును. సి విటమిను అట్టిది. ఆకులలోని పాలీఫినాల్సును అట్టివే. జపానులో మిచియో త్సుజిమురా యను విదుషి 1929లోనే పచ్చ తేయాకునుండి కాటెచిను అను వగరు పదార్థమును వేఱుచేసియుండెను. 1969లో మన దేహకణములలోనే ఈ పని చేయు ఎంజైము ఒకటి కలదని మెకార్డు, ఫ్రిడోవిచు అను పండితులు కనుగొనిరి. ఈ సంగతి మఱువరాదు: దేహము తన కాపలావాండ్రను తానే పెంచుకొనుచున్నది, ఆకు త్రాగనివాడు కాపలా లేనివాడు కాడు.

ఆకునకు ఈ గుణము కలదని యెట్లు తెలియుదురు? సామాన్యముగా చేయు పరీక్ష యిది. డీపీపీహెచ్ అను ఊదారంగు ద్రవమున ఆకు సారమును కలుపుదురు. సారములో యాంటీఆక్సిడెంట్లున్నచో ఊదారంగు విఱిగి పసుపుపచ్చ అగును. తంగేటి ఆకు, పువ్వు, బెరడు ఈ పరీక్షలో పలు పరిశోధనాగారములయందు చక్కగా నెగ్గినవి. నా మొదటి మాట నిజమంటిని గదా. దాని నిజము ఇంతమాత్రమే. గాజుగొట్టమున రంగు మాఱినది. మన కడుపు గాజుగొట్టము కాదు. త్రాగిన పాలీఫినాల్సులో రక్తములోనికి చేరునది కొంచెమే. చేరినదానిని గూడ కాలేయము రూపు మార్చి పంపివేయును. ఏ ఆహారమున ఎంత యాంటీఆక్సిడెంటు శక్తి కలదో లెక్కకట్టిన పట్టిక నొకదానిని అమెరికా వ్యవసాయశాఖ చాలకాలము ప్రకటించి, ఆ యంకెలకును మానవుని ఆరోగ్యమునకును సంబంధము ఋజువు కాలేదని 2012లో తొలగించెను.

ఇంతకంటె గొప్ప పాఠము ఫిన్లాండు దేశమునుండి వచ్చెను. అచ్చట 29,133 మంది పొగత్రాగు పురుషులపై పరీక్ష జరిపి 1994లో ఫలితములను ప్రకటించిరి. ఆకుకూరలలోను, గాజరగడ్డలలోను ఉండు బీటాకెరోటిను అను యాంటీఆక్సిడెంటును మాత్రలుగా కొందఱికి ఏండ్ల తరబడి యిచ్చిరి. ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గునని అందఱి ఆశ. తీరా చూడగా ఆ మాత్రలు మ్రింగినవారిలో అది నూటికి పదునెనిమిది వంతులు హెచ్చినది. ఆకుకూర తినుట చెడ్డదని దీనికి అర్థము కాదు. ఒక పదార్థమునకు మంచి గుణమున్నంత మాత్రమున దాని ఫలితమును ముందుగా ఊహింపరాదని అర్థము.

తంగేటి సంగతియే చూతము. చిదంబరములోని అన్నామలై విశ్వవిద్యాలయ పరిశోధకులు 2002, 2003 ప్రాంతమున చక్కెరవ్యాధి కలిగించిన ఎలుకలకు తంగేటి పువ్వుల నీటిసారమును ముప్పది దినములిచ్చిరి. వాని రక్తములో చక్కెర తగ్గెను. ఇది ఆశ కల్పించు ఫలితమే. అయితే అది పువ్వు, ఆకు కాదు; ఎలుక, మనిషి కాదు; తూచి యిచ్చిన సారము, పిడికెడు తుంచి కాచిన నీరు కాదు. ఇక రెండవ ప్రక్కను గూడ చూడవలెను. 1981లో సింహళ పరిశోధకులు తమ దేశపు మందుమొక్కలు ఏబదింటిని శోధింపగా, కాలేయమునకు చెఱుపు చేయు ఆల్కలాయిడ్లు మూడింట కనబడినవి. ఆ మూడింటిలో తంగేడు ఒకటి. మేపిన ఎలుకల కాలేయములు దెబ్బతినినవి. 2004లో అచ్చటివారే మఱియొక పరీక్ష చేసిరి. మూర్ఛవ్యాధికిచ్చు కార్బమాజెపిన్ మందుతోపాటు తంగేటి తేనీరు నిచ్చిన ఎలుకల రక్తమున ఆ మందు మోతాదునకు మించి నిలిచినది. అనగా ఈ తేనీరు ఇతర మందుల నడకను మార్చగలదు. ఇవియు ఎలుకలే యని తమరు అనవచ్చును. నిజమే. మేలు చెప్పినప్పుడు ఎలుకను నమ్మి, కీడు చెప్పినప్పుడు ఎలుకయే కదా యనుట న్యాయము కాదు.

మనుష్యుల సంగతియు మనము చూచినాము. 2020లో కోవిడు మహమ్మారి వచ్చినప్పుడు కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ తులసి, దాల్చినచెక్క, శొంఠి, మిరియములతో కషాయము త్రాగుమని సలహా యిచ్చెను. ప్రజలు అంతటితో ఆగక తిప్పతీగను గూడ ఇష్టము వచ్చినట్లు కాచి త్రాగిరి. 2021లో ముంబయి వైద్యులు కాలేయము చెడిన ఆఱుగురు రోగులను గూర్చియు, మఱుసటి సంవత్సరము పలు ఆసుపత్రుల వైద్యులు కలిసి నలువది ముగ్గురిని గూర్చియు వ్రాసిరి. మంత్రిత్వశాఖ దానినంగీకరింపక, త్రాగినది తిప్పతీగను పోలిన వేఱొక తీగ కావచ్చుననెను. ఎవరి వాదము నిలిచినను పల్లెవానికి పాఠమొక్కటే: ఏ తీగయో తెలియక, ఎంతయో తెలియక, ఎన్నాళ్లో తెలియక త్రాగరాదు.

ఇక మా కాక కథ. ఆయన మాత్రలు మానిన సంగతి తెలిసిననాడే డాక్టరునొద్దకు పోవుదమని బతిమాలితిని. “పానం మంచిగనే ఉన్నది” అని ఆయన నవ్వి పోయిరి. చక్కెరవ్యాధి మోసము అదియే, నొప్పి తెలియనీయదు. కొన్ని దినములకు చెప్పు ఒరిసి కాలివ్రేలికి పుండు పడెను. స్పర్శ లేని కాలు గనుక ఆయనకు తెలియలేదు. తెలియునప్పటికి వ్రేలు నల్లబడెను. ఆసుపత్రిలో ఆ వ్రేలిని తీసివేసిరి. నేను మంచము ప్రక్కన తలవంచుకొని కూర్చుంటిని. “ఆకు తప్పు గాదు పంతులూ, నేనే గోలీలు బంద్ పెట్టిన” అనిరి. “లేదు కాకా, తప్పు నా నోటిది” అంటిని.

ఆ పిమ్మట ఆయన మ్రింగు మాత్రలేమిటో చదివి తెలిసికొంటిని. వానిలో మెట్‌ఫార్మిన్ అనునది యొకటి. దాని కథ చదివి నిర్ఘాంతపోతిని. ఐరోపాలో గలేగా యను మొక్క కలదు. చిక్కుడును, తంగేడును చేరిన మహాకుటుంబములోనిదే యది. జానపద వైద్యమున వాడుక గలది; గొఱ్ఱెలు మేసినచో విషము. దానిలోని పదార్థమునకు బంధువైన గ్వానిడిను జంతువుల రక్తమున చక్కెరను తగ్గించునని 1918లో తెలిసెను. ఆ మొక్కలోని గలేజినును రోగులకిచ్చి చూచిరి; విషదోషముచే విడిచిరి. 1922లో డబ్లిను నగరమున ఇద్దఱు రసాయనజ్ఞులు దాని బంధువైన మెట్‌ఫార్మిన్‌ను తయారుచేసిరి. 1957లో జాన్ స్టెర్న్ అను ఫ్రెంచి వైద్యుడు దానిని రోగులకిచ్చి ఫలితమును ప్రకటించెను. 1918 నుండి 1957 వఱకు ముప్పది తొమ్మిదేండ్ల పరీక్ష! మేము ఆకును కాచుకొని దూరముగ నెట్టివేసిన గోలీ కూడ ఒక ఆకు వంశములోనిదే. ఆకునకును గోలీకిని వైరము లేదు. ఒకటి బడిలో చేరిన పిల్లవాడు. రెండవది పరీక్షలన్నియు వ్రాసి పట్టా పుచ్చుకొన్నవాడు. తంగేడు ఇంకను మొదటి తరగతులలో నున్నది. తెలివిగల పిల్లవాడే కావచ్చును. కాని పరీక్షకు ముందే పట్టా యిచ్చు ఉపాధ్యాయుడు వానికిని, ఊరికిని గూడ అపకారి. నేను చేసినది అదియే.

పెద్దలారా! పల్లెలలో మీ మాట చెల్లును. కావున ఈ నాలుగు సంగతులను మీ నోట చెప్పవలెనని నా ప్రార్థన. డాక్టరు చెప్పిన మాత్రను ఆకును నమ్మి మానరాదు. ఏ కషాయము త్రాగుచున్నను ఆ సంగతి డాక్టరునకు దాచక చెప్పవలెను. కాలేయవ్యాధి కలవారికి, గర్భిణులకు, పసిపిల్లలకు తెలియని ఆకు కాచి పోయరాదు. వగరు పానీయమేదైనను, చాయయైనను, భోజనముతో కలిపి త్రాగరాదు. టానిను అన్నములోని యినుమును పట్టుకొని రక్తమునకు అందనీయదు. 2019–21 సర్వే ప్రకారము మన దేశమున పదునైదు మొదలు నలువది తొమ్మిదేండ్ల వయసు స్త్రీలలో నూటికి ఏబది యేడుగురు రక్తహీనులు. మన యింటి ఆడుబిడ్డలకు ఈ మాట ముఖ్యము.

చక్కెర దండిగా వేసిన చాయలు దినమునకు నాలుగు త్రాగువాడు వానిలో రెండు మాని, చక్కెర లేని తులసినీరు పలుచగా త్రాగినచో మేలే. ఆ మేలు చాలవఱకు మానిన చక్కెరది. ఆకులలోని గుణము కావలసినవారు మునగాకు, తోటకూర కూరగా వండుకొని తినవచ్చును. తరతరములుగా కంచములో పరీక్షింపబడినవి అవి.

వైద్యశాస్త్రము కొలతకు మాత్ర యని పేరిడినదని చెప్పితిని. మన తెలుగువారు గోలీని గూడ మాత్ర యనిరి. కొలత తెలిసినదే మందు, తెలియనిది ఆకు. కాక ఇప్పుడు మాత్రలు తప్పక మ్రింగుచున్నారు. మొన్న బతుకమ్మనాడు చేతికఱ్ఱ పట్టుకొని వచ్చి, తంగేటిపువ్వు తెంపి మనుమరాలి పళ్లెములో నుంచిరి. నేనును తంగేటి తేనీరు మానితిని. ఆ పువ్వుపై నాకు గౌరవము తగ్గలేదు. నా నోటికి మాత్రము కొలత యలవడినది.